ఎత్తైన చోట నిద్ర పట్టదు, బుర్ర కదలదు, పరుగు సాగదు: ఎందుకు?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్లకు కూడా పనికొస్తుంది. మీకు 34 ఏళ్లు. హాఫ్ మారథాన్‌ను గంటా 48 నిమిషాల్లో ముగించే మనిషి. పని మీద విమానంలో నేరుగా 3,600 మీటర్ల ఎత్తులో దిగారు. మొదటి రాత్రి ఎవరో గొంతు నొక్కినట్టయి నాలుగైదు సార్లు ఉలిక్కిపడి లేచారు. పక్క మంచం మీది స్నేహితుడు "నిద్రలో నీ ఊపిరి ఆగిపోతోంది" అని చెప్పి భయపెట్టాడు. చేతి వాచీ చూస్తే రక్తంలో ఆక్సిజన్ 78 శాతం. మర్నాడు మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది, చిన్న లెక్కలు కూడా తప్పాయి. మూడో రోజు పరుగుకు బయల్దేరి రెండు కిలోమీటర్లకే కూలబడ్డారు. వ్యాయామం ముఖం చూడని స్నేహితుడు మాత్రం హాయిగా తిరిగాడు. వచ్చే నెల మళ్లీ అక్కడికే వెళ్లాలి, ఈసారి 4,500 మీటర్ల దాకా. "నాకు స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు) ఉందా? మెదడు దెబ్బతిందా? ఇన్నేళ్ల ఫిట్‌నెస్ ఏమైపోయింది?" అని అడిగారు.

చాలావరకు మొదటిది లేదు, రెండోది లేదు, మూడోది ఎక్కడికీ పోలేదు. మీరు మూడు జబ్బులనుకుంటున్నవి మూడూ ఒకే గొడవకు మూడు ముఖాలు. నేను డాక్టర్ని కాను. ఇరవై ఏళ్లుగా కొండల మీదికి బృందాలను తీసుకెళ్తున్నాను, అంతకంటే ఎక్కువ కాలంగా పరుగెడుతున్నాను. కాబట్టి మందుల విషయంలో ఆఖరి మాట మీ డాక్టరుదే. మిగతాది నేను చదివింది, చూసింది, ఒంటి మీద పడింది.

గాలి సంగతితో మొదలుపెడదాం. "పైన ఆక్సిజన్ తక్కువ" అని అందరూ అంటారు గానీ, ఎవరెస్ట్ కొన మీద కూడా గాలిలో ఆక్సిజన్ వాటా ఇక్కడిలాగే 21 శాతం. తగ్గేది ఒత్తిడి. సముద్రమట్టం దగ్గర మన నెత్తిన ఉన్న గాలి బరువు 760 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం. 5,500 మీటర్ల దగ్గర అది సగానికి వస్తుంది. ఎవరెస్ట్ మీద మూడో వంతే: 1981లో అమెరికన్ వైద్య పరిశోధక బృందం సభ్యుడు క్రిస్టఫర్ పిజ్జో శిఖరం మీద నిలబడి కొలిచిన లెక్క 253 మిల్లీమీటర్లు. ఇందులో చాలామంది పట్టించుకోని మెలిక ఒకటుంది. మనం పీల్చిన గాలి ఊపిరితిత్తులు చేరేలోపు ఒంటి వేడికి తడిసి ముద్దవుతుంది. ఆ నీటి ఆవిరి ఏ ఎత్తులోనైనా తన వాటాగా 47 మిల్లీమీటర్లు పట్టుకుపోతుంది. 760లోంచి 47 పోతే లెక్కలోకి రాదు. 253లోంచి అదే 47 పోతే దోపిడీయే. మీరున్న 3,600 మీటర్ల దగ్గర ప్రతి ఊపిరికీ అందే ఆక్సిజన్ కింద అందేదాంట్లో అరవై పైచిలుకు శాతం. ఒళ్లు దీన్ని సరిదిద్దుకోవాలని చూస్తుంది. కథంతా అక్కడే మొదలవుతుంది.

మొదట రాత్రి సంగతి, ఎందుకంటే ఎత్తు మనిషిని నిజంగా పరీక్షించేది నిద్రలోనే.

ఒకసారి 4,700 మీటర్ల దగ్గర గుడారంలో నాకు కునుకు పట్టక పక్కవాడి ఊపిరి వింటూ పడుకున్నాను. మూడు నాలుగు ఊపిరులు, ఒకదాన్ని మించి ఇంకొకటి, మెట్లెక్కుతున్నట్టు పెద్దవవుతూ వచ్చాయి. తర్వాత దిగుతూ దిగుతూ చిన్నవయ్యాయి. ఆ తర్వాత నిశ్శబ్దం. మనసులో అంకెలు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది దాకా వచ్చేసరికి నాకే ఊపిరాడలేదు. అప్పుడు హఠాత్తుగా ఒక్క పెద్ద పీల్పు, నీళ్లలోంచి తల పైకి తీసినట్టు. మళ్లీ మెట్లు, మళ్లీ నిశ్శబ్దం. తెల్లారేదాకా ఇదే వరస. పొద్దున వాడు లేచి "రాత్రంతా నీ గురకకి నిద్రే లేదు" అన్నాడు. బహుశా నా ఊపిరి కూడా అదే తాళంలో నడిచి ఉంటుంది.

దీన్ని ఆవర్తన శ్వాస అంటారు. ఇటలీ శరీరధర్మ శాస్త్రవేత్త ఏంజెలో మోసో 1890ల్లోనే మోంటే రోజా పర్వతం మీద, 4,559 మీటర్ల ఎత్తున్న మార్గరీటా గుడిసెలో దీన్ని రికార్డు చేశాడు. మీ స్నేహితుడు చూసింది అదే.

ఎందుకిలా జరుగుతుందంటే, మన ఊపిరికి ఇద్దరు యజమానులున్నారు. మామూలుగా పెత్తనం కార్బన్ డయాక్సైడ్‌ది. రక్తంలో అది కాస్త పెరిగితే మెదడు "పీల్చు" అంటుంది, తగ్గితే "ఆగు" అంటుంది. రెండో యజమాని మెడలో రెండు పక్కలా రక్తనాళాలకు అంటుకుని ఉండే గింజంత అవయవం, కెరోటిడ్ బాడీ. దాని చూపంతా ఆక్సిజన్ మీదే. కింద ఉన్నప్పుడు దానికి పెద్దగా పనుండదు. ఎత్తుకు వెళ్లగానే ఆక్సిజన్ తగ్గిందని గోల పెట్టి ఊపిరి వేగం పెంచుతుంది. ఊపిరి పెరిగితే ఆక్సిజన్ కాస్త పుంజుకుంటుంది గానీ, దాంతోపాటు కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతుంది. అది ఒక గీత దిగువకు పడిపోతే మొదటి యజమాని "ఇక పీల్చక్కర్లేదు" అని తలుపు మూసేస్తాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మెలకువగా ఉన్నంతసేపు మెదడు ఏదో ఒక రకంగా ఊపిరిని నడిపిస్తూనే ఉంటుంది కాబట్టి ఈ గొడవ బయటపడదు. కళ్లు మూతపడగానే మొదలు. ఊపిరి ఆగగానే ఆక్సిజన్ పడిపోతుంది, కెరోటిడ్ బాడీ మళ్లీ గగ్గోలు పెడుతుంది, మళ్లీ పెద్ద పెద్ద ఊపిరులు, మళ్లీ కార్బన్ డయాక్సైడ్ ఖాళీ. ఒక్కో చుట్టు సుమారు 20 సెకన్లు. ప్రతి చుట్టులోనూ మీరు లేవరు, కానీ చాలా చుట్లలో నిద్ర పలచబడుతుంది. గాఢనిద్ర తగ్గి కోడినిద్ర మిగులుతుంది. కొన్నిసార్లు ఆ పెద్ద పీల్పు దగ్గరే పూర్తి మెలకువ వస్తుంది. గొంతు నొక్కినట్టు మీకు అనిపించింది అప్పుడే.

స్లీప్ ఆప్నియాతో తేడా ఇక్కడే. కింద చాలామందికి ఉండే ఆప్నియాలో గొంతు దారి మూసుకుపోతుంది, ఛాతీ మాత్రం గాలి కోసం గింజుకుంటూనే ఉంటుంది. ఎత్తులో దారి తెరిచే ఉంటుంది, పీల్చమనే ఆదేశమే రాదు. కిందికి దిగితే ఇది పోతుంది. అయితే ఇంటి దగ్గర కూడా గట్టిగా గురక పెడుతూ, పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు పడే అలవాటుంటే అది వేరే సంగతి, వెళ్లేలోపే నిద్ర పరీక్ష చేయించుకోండి.

ఇంకో విచిత్రం చెప్పాలి. కెరోటిడ్ బాడీ ఎంత చురుగ్గా స్పందిస్తే ఊపిరి అంతగా ఊగిసలాడుతుంది. అంటే ఎత్తుకు బాగా స్పందించే ఒళ్లే రాత్రి ఎక్కువ ఆగి ఆగి పీలుస్తుంది. తరతరాలుగా ఎత్తులోనే బతుకుతున్న షెర్పాల మీద జరిగిన నిద్ర పరిశోధనల్లో ఈ ఆవర్తన శ్వాస చాలా తక్కువ కనిపించింది, ఎందుకంటే తగ్గిన ఆక్సిజన్‌కు వాళ్ల ఊపిరి అంతగా ఎగిరిపడదు. కాబట్టి ఊపిరి ఆగడం దానంతటదే చెడు గుర్తు కాదు. ఈ సంగతి నిపుణులు కూడా నెమ్మదిగానే ఒప్పుకున్నారు. ఎత్తు జబ్బును అంచనా వేసే లేక్ లూయిస్ స్కోరులో చాలా ఏళ్లు నిద్ర సరిగా లేకపోవడం కూడా ఒక లక్షణంగా ఉండేది. 2018లో దాన్ని తీసేశారు. ఎత్తులో జబ్బు లేనివాళ్లకూ నిద్ర చెడుతుంది, జబ్బు ఉన్నవాళ్లలో కొందరు బాగానే పడుకుంటారు. ఇప్పుడు మిగిలినవి తలనొప్పి, వికారం లేదా వాంతులు, నీరసం, తల తిరగడం.

ఇక వాచీలో 78 గురించి. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే తీరు మిద్దెలా ఉంటుంది: పైన చదును, అంచు దాటితే నిట్టనిలువు. సముద్రమట్టం దగ్గర మనం మిద్దె మధ్యలో ఉంటాం, ఊపిరి కాస్త బిగబట్టినా శాతం పెద్దగా కదలదు. 3,600 మీటర్ల దగ్గర మనం అంచు మీద నిలబడి ఉంటాం. పగలు 85 నుంచి 92 మధ్య కనిపించడం మామూలే. నిద్రలో పది సెకన్లు ఊపిరి ఆగితే అంకె జారిపోతుంది. పైగా చలికి వేళ్లలో, మణికట్టులో రక్తం తగ్గితే వాచీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అర్ధరాత్రి లేచి ఆ అంకె చూసుకుని టెన్షన్ పడితే ఉన్న కాస్త నిద్రా పోతుంది.

నిద్రకు దారి లేదా అంటే ఉంది, కిడ్నీల చేతుల్లో ఉంది. కార్బన్ డయాక్సైడ్ తగ్గడం వల్ల రక్తం క్షార గుణం వైపు జరుగుతుంది. కిడ్నీలు బైకార్బనేట్ అనే క్షారాన్ని మూత్రంలో పంపేసి దాన్ని సరిచేస్తాయి, ఆ పనికి కొన్ని రోజులు పడుతుంది. మొదటి రోజుల్లో మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం ఒక రకంగా శుభవార్తే, అలవాటు పడడం మొదలైందని అర్థం. అసిటజోలమైడ్ అనే మాత్ర చేసేది కూడా ఇదే: కిడ్నీల పనిని తొందరపెట్టి ఊపిరిని నిలకడ మీదికి తెస్తుంది. నివారణకు డాక్టర్లు సాధారణంగా పెద్దవాళ్లకు 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి ఇస్తారు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, సోడా రుచి పాడవుతుంది, మూత్రం ఇంకా పెరుగుతుంది. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ విషయం డాక్టరుకు ముందే చెప్పాలి. నిద్ర పట్టడం లేదని దీనికి బదులు మందు తాగడమో, ఎవరో ఇచ్చిన నిద్రమాత్ర మింగడమో చేయకండి. ఆల్కహాల్, చాలా రకాల నిద్రమాత్రలు ఊపిరిని అణచివేస్తాయి. తక్కువ ఆక్సిజన్‌తో నడుస్తున్న ఒంటికి అదే కదా ఉన్న ఒక్క ఆధారం.

ఇప్పుడు బుర్ర.

ఒంటి బరువులో మెదడు 2 శాతం, ఖర్చు చేసే ఆక్సిజన్ మాత్రం 20 శాతం. ఎత్తుకు వెళ్లగానే ఇక్కడా అదే గొడవ: ఆక్సిజన్ తగ్గితే మెదడు రక్తనాళాలు విప్పారాలని చూస్తాయి, కార్బన్ డయాక్సైడ్ తగ్గితే ముడుచుకోవాలని చూస్తాయి. మొదటి రోజుల్లో సాధారణంగా విప్పారడమే గెలుస్తుంది, మెదడుకు రక్తం ఎక్కువ వస్తుంది, నాలుగైదు రోజుల్లో మామూలు వైపు తిరుగుతుంది. తలనొప్పి, మొద్దుబారినట్టుండడం ఎక్కువగా ఆ రోజుల్లోనే. దానికి నిద్రలేమి తోడు. మీరు 3,600 మీటర్ల దగ్గర మాట వెతుక్కోవడంలో ఆక్సిజన్ వాటా ఎంత, చెడిన నిద్ర వాటా ఎంత అని విడదీయడం కష్టం. రెండు మూడు రాత్రులు పోయాక తేలికపడి ఉంటే రెండూ తగ్గాయన్నమాట. వారం రోజుల బసతో మెదడు పాడవదు. ఆక్సిజన్ సిలిండర్ లేకుండా అతి ఎత్తైన శిఖరాలకు వెళ్లొచ్చిన పర్వతారోహకుల్లో జ్ఞాపకశక్తి, చురుకుదనం కొంత తగ్గినట్టు చూపించిన పరిశోధనలున్నాయి, అవి మీ కథకు సంబంధించినవి కావు.

మొదట దెబ్బ తగిలేది అలవాటైన పనులకు కాదు. బూటు లేసు కట్టుకోగలం, నడవగలం, కబుర్లు చెప్పగలం. కొత్త విషయం నేర్చుకోవడం, రెండు సంగతులు ఒకేసారి తలలో పెట్టుకోవడం, అన్నిటికంటే ముఖ్యంగా తప్పును తప్పని గుర్తించడం, ఇవి ముందు జారిపోతాయి. అందరికంటే ముందు తెల్లజెండా ఎత్తేది కళ్లు: చీకట్లో చూపు 1,500 మీటర్ల నుంచే కాస్త మందగిస్తుంది, అందుకే రాత్రి విమానం నడిపే పైలట్లకు దీని గురించి ప్రత్యేకంగా చెబుతారు.

నన్ను భయపెట్టేది మందగించడం కాదు, మందగించామని తెలియకపోవడం. 1875 ఏప్రిల్‌లో ముగ్గురు ఫ్రెంచి వాళ్లు జెనిత్ అనే బెలూన్‌లో 8,000 మీటర్ల పైకి వెళ్లారు. వెంట ఆక్సిజన్ సంచులున్నాయి, గొట్టాలు నోటికి అందేంత దూరంలోనే ఉన్నాయి. క్రోసే స్పినెల్లీ, సివెల్ ఇద్దరూ చనిపోయారు. బతికొచ్చిన గాస్తో తిసాందియే ఏం రాశాడంటే, బాధేమీ అనిపించలేదట, పైగా లోపల ఏదో ఆనందం. గొట్టం అందుకుందామనుకునేసరికి చెయ్యి లేవలేదు. నలభై ఏళ్ల తర్వాత బ్రిటన్‌లో ఊపిరి శాస్త్రానికి పెద్ద దిక్కు అయిన హాల్డేన్ ఉక్కు గదిలో గాలి ఒత్తిడి బాగా తగ్గించుకుని తన మీదే ప్రయోగం చేసుకున్నాడు. పెదాలు నీలంగా మారాయేమో చూసుకుందామని అద్దం తీశాడు. కాసేపటికి గానీ అద్దం వెనక వైపు చూస్తున్నానని అర్థం కాలేదు. ఆ విషయం మీద లోకంలో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి ఆయన! 1933లో ఎవరెస్ట్ మీద ఫ్రాంక్ స్మైత్ ఒంటరిగా ఎక్కుతూ, పక్కన ఇంకొకడున్నాడనే నమ్మకంతో మిఠాయి బిళ్ల సగం విరిచి పక్కకు చాచాడు. పక్కన ఎవరూ లేరు.

నాది అంత గొప్ప కథ కాదు. 5,000 మీటర్ల దగ్గర స్టవ్ గ్యాస్ డబ్బాలు ఎన్ని కావాలో లెక్క రాసుకున్నాను: రోజుకు రెండు, ఐదు రోజులు, కాబట్టి ఏడు. మూడుసార్లు సరిచూసుకుని మరీ తృప్తిగా పుస్తకం మూశాను. కిందికొచ్చాక ఆ పేజీ చూస్తే నవ్వొచ్చింది, ఆ తర్వాత భయమేసింది. కూడికా గుణకారమా అన్న తేడా పోయింది సరే, మూడుసార్లు చూసినా పోయినట్టు తెలియలేదు. అప్పటినుంచి ముఖ్యమైన నిర్ణయాలన్నీ కింద ఉండగానే కాగితం మీద రాసి పెట్టుకుంటాను: ఏ గంటకు వెనక్కి తిరగాలి, ఏ లక్షణం కనిపిస్తే దిగాలి. పైకి వెళ్లాక ఆ కాగితం ఆఫీసరు, నేను బంట్రోతు.

ఆగాల్సిన గీత ఎక్కడంటే ఇక్కడ. బుర్ర మొద్దుబారడం ఒకటి, మెదడు వాపు ఇంకొకటి. తలనొప్పికి తోడు మనిషి తూలుతున్నా, మాట తడబడుతున్నా, మగతగా పడి ఉన్నా, వింతగా ప్రవర్తిస్తున్నా అది వాపు కావచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. సులభమైన పరీక్ష: నేల మీద గీత ఊహించుకుని ఒక కాలి మడమకు ఇంకో కాలి వేలు ఆనిస్తూ పది అడుగులు నడిపించండి. మా బృందంలో ఒక కుర్రాడు, మంచి రన్నర్, తలనొప్పిని ఒకటిన్నర రోజు దాచిపెట్టాడు. వెనకబడితే పరువు పోతుందని. పొద్దున్నే గీత మీద నడవమంటే మూడో అడుగుకే పక్కకు పడిపోయాడు, పైగా "నేల జారుతోంది" అన్నాడు. ఎండిన మట్టి నేల అది. ఎండ పడేలోపే ఇద్దర్ని తోడిచ్చి కిందికి దించాం. ఎనిమిది వందల మీటర్లు దిగేసరికి తనే బూటు లేసు కట్టుకున్నాడు. దీనికి మందులున్నాయి, ఆక్సిజన్ ఉంది, కానీ అవన్నీ దిగడానికి సాయం చేసేవే, దిగడానికి బదులు కావు. కూర్చుని ఉన్నా ఆయాసం, ఆగని దగ్గు, పడుకుంటే ఊపిరాడకపోవడం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్న గుర్తులు, ఇది తరచు రెండో రాత్రి మొదలవుతుంది. దానికీ అదే మాట, దిగాలి. రాత్రయినా సరే.

ఇక పరుగు. మీ పరువుకు దెబ్బ తగిలిన చోటు ఇదే కాబట్టి కాస్త ఓదార్పుగా చెబుతాను.

ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్‌ను రన్నర్లు వీఓటూ మ్యాక్స్ అంటారు. 1,500 మీటర్లు దాటాక ప్రతి 100 మీటర్లకు అది సుమారు 1 శాతం తగ్గుతుంది. 3,600 మీటర్ల దగ్గర మీ ఇంజను 20 శాతం పైనే చిన్నదైంది, మీరు మాత్రం పాత వేగానికే గేరు వేశారు. శిక్షణ పొందినవాళ్లకు ఈ నష్టం ఇంకా ముందే మొదలవుతుంది, కొందరికి వెయ్యి మీటర్లలోపే. వాళ్ల గుండె రక్తాన్ని ఎంత వేగంగా తోస్తుందంటే, ఊపిరితిత్తుల గుండా పోయేటప్పుడు ఆక్సిజన్ నింపుకునేంత సమయం ఆ రక్తానికి ఉండదు. కింద ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఎలాగో నిండేది. మిద్దె అంచు గుర్తుందా? పరుగులో మీరు ఆ అంచు దిగి పోయారు. ఊపిరి కండరాలు కూడా రెట్టింపు పని చేస్తూ కాళ్లకు పోవాల్సిన ఆక్సిజన్‌లో వాటా తీసుకుంటాయి. దానికి తోడు మొదటి రోజుల్లో రక్తంలోని నీరు భాగం తగ్గుతుంది, గరిష్ఠ గుండె వేగం పడిపోతుంది. విశ్రాంతిలో గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, పరుగులో కింద కొట్టినంత కొట్టదు. కాబట్టి మీ వాచీలోని గుండె జోన్లు కూడా అక్కడ చెల్లవు.

1968 మెక్సికో ఒలింపిక్స్ దీనికి బహిరంగ ప్రదర్శన. నగరం ఎత్తు 2,240 మీటర్లు. పలచటి గాలి అడ్డు తగ్గించింది కాబట్టి పొట్టి పరుగులకు, దూకుళ్లకు పండగ. బాబ్ బీమన్ లాంగ్ జంప్‌లో 8.90 మీటర్లు దూకి పాత రికార్డును 55 సెంటీమీటర్లు దాటాడు, అది 1991 దాకా నిలిచింది. అదే ఊళ్లో పది వేల మీటర్ల పరుగు గెలిచిన టైము 29 నిమిషాల 27 సెకన్లు. అప్పటి ప్రపంచ రికార్డు 27 నిమిషాల 39 సెకన్లు. ఆ రికార్డు సొంతదారు రాన్ క్లార్క్ ఆరో స్థానంలో వచ్చి గీత దాటగానే స్పృహ తప్పి పడిపోయాడు. మీరు రెండు కిలోమీటర్లకు కూలబడ్డానని సిగ్గుపడుతున్నారు కదా, మంచి తోడే ఉంది.

మీ స్నేహితుడు హాయిగా తిరగడానికి కారణం: ఎత్తు జబ్బు ఫిట్‌నెస్‌ను లెక్కచేయదు. అది ఎవరికి వస్తుందన్నది ఎక్కువగా ఒంటి తత్వాన్ని బట్టి, ఎంత తొందరగా ఎక్కామన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫిట్‌గా ఉన్నవాళ్లకు అదనపు ప్రమాదం ఒకటుంది, వేగంగా ఎక్కగలరు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నది కొండ మీద అక్షరాలా నిజం.

ఎత్తులో ఉంటే రక్తం పెరిగి కింద వేగం పెరుగుతుందన్న మాట నిజమే, కానీ జనం అనుకున్నంత తొందరగా కాదు. ఎర్ర కణాలను తయారు చేయించే ఎరిత్రోపొయెటిన్ హార్మోను మొదటి గంటల్లోనే పెరగడం మొదలవుతుంది, ఎర్ర కణాలు లెక్కలోకి వచ్చేంతగా పెరగడానికి వారాలు కావాలి. వారానికే హీమోగ్లోబిన్ పెరిగిందని రిపోర్టు వస్తే సంబరపడకండి, రక్తంలో నీరు తగ్గి చిక్కబడింది, అంతే. ఎత్తులో పడుకోవాలి, కింద శిక్షణ చేయాలి అన్న సూత్రాన్ని 1997లో లెవీన్, స్ట్రే గుండర్సన్ పరీక్షించి చూపించారు: నాలుగు వారాలు 2,500 మీటర్ల దగ్గర బస, 1,250 మీటర్ల దగ్గర పరుగు. అలా చేసినవాళ్ల 5,000 మీటర్ల టైము సగటున 13 సెకన్లు మెరుగైంది. ఎత్తులోనే పరుగెత్తితే వేగం తగ్గించాల్సి వస్తుంది, కాళ్లు ఆ తగ్గిన వేగానికే అలవాటు పడతాయి, అందుకే ఈ విడదీత. ఒంట్లో ఇనుము నిల్వలు లేకపోతే ఇదంతా వృథా, ముందే ఫెరిటిన్ పరీక్ష చేయించుకోవాలి. మీ వారం రోజుల ట్రిప్పుతో ఈ లాభం రాదు, ఆశ పెట్టుకోకండి.

వచ్చే నెల సంగతి. వీలుంటే దారిలో 2,000 నుంచి 2,500 మీటర్ల మధ్య ఒకటి రెండు రాత్రులు ఆగండి. వీలుకాక మళ్లీ నేరుగా 3,600కే దిగాల్సి వస్తే అసిటజోలమైడ్ గురించి ఇప్పుడే డాక్టరుతో మాట్లాడండి. మొదటి మూడు రోజులు పరుగు మాటెత్తొద్దు. మాట్లాడుతూ నడవగలిగినంత నడక చాలు. నాలుగో రోజు ఇరవై నిమిషాలు పరుగెత్తండి, వేగం చూడకుండా, వాక్యం పూర్తిగా చెప్పగలిగేంత తేలిగ్గా. కాఫీ అలవాటుంటే అక్కడ హఠాత్తుగా మానకండి, మానితే వచ్చే తలనొప్పికీ ఎత్తు తలనొప్పికీ తేడా తెలియదు. నీళ్లు దాహానికి తగ్గట్టు తాగండి, లీటర్లకు లీటర్లు పట్టిస్తే జబ్బు రాదన్నది అపోహ.

4,500 మీటర్ల దగ్గర మీకు పగటి పనే అయితే అక్కడ పడుకోకండి, సాయంత్రానికి 3,600కు దిగిరండి. ఒంటికి లెక్క పగలు ఎంత ఎక్కామన్నది కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నామన్నది. చిలీ ఎడారిలో 5,000 మీటర్ల ఎత్తున్న ఆల్మా టెలిస్కోపు దగ్గర పనిచేసేవాళ్లు కూడా 2,900 మీటర్ల దగ్గరున్న శిబిరానికి దిగి పడుకుంటారు. అక్కడే పడుకోక తప్పదంటే, 3,000 మీటర్లు దాటాక పడక ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దన్నది నిపుణుల మాట, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి కూడా. తలనొప్పి, వికారం ఉండగా ఒక్క మీటరు కూడా పైకి వెళ్లకండి. ఈ మాట మీ స్నేహితుడికీ చెప్పండి, ఎందుకంటే మీరు తూలుతున్నారో లేదో చెప్పాల్సింది ఆయన, ఆయన సంగతి చెప్పాల్సింది మీరు. బయల్దేరే ముందే ఇద్దరూ కూర్చుని దిగాల్సిన లక్షణాలు కాగితం మీద రాసి చెరొక కాపీ జేబులో పెట్టుకోండి.

వాచీ రాత్రిళ్లు తీసి సంచిలో పడేయండి. పొద్దున లేచి, చేతులు వెచ్చబడ్డాక, ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని అప్పుడు చూసి రాసుకోండి. ఆ అంకె రోజురోజుకూ ఒకటి రెండు పెరుగుతూ వస్తే కిడ్నీలు పని చేస్తున్నట్టే. పక్కనున్నవాళ్లందరికీ పెరుగుతూ మీకొక్కరికే పడిపోతుంటే, దాంతోపాటు ఒంట్లో కూడా బాగాలేకపోతే, ఆ రోజు పని మానేసి దిగిపోండి.